గాడి వేరు, గుంట వేరు: ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోటికి వచ్చి ఆగాయి. తెరచాప పడవ అడుగున, గేర్‌బాక్స్ వెనక నుంచి నీళ్ళలోకి వెళ్ళే ఆ కడ్డీ దగ్గరికి. గాలి ఉన్నంతసేపూ దాని ఊసే ఎవరికీ ఉండదు. గాలి పడిపోయి, ఇరుకు రేవులోకి ఇంజన్ మీద రావలసి వచ్చినప్పుడు మాత్రం అందరి చెవులూ దాని మీదే. నేను లేత్ పనితో మొదలుపెట్టి పడవ ఇంజన్లలోకి వచ్చినవాణ్ణి, షాఫ్ట్ అంటే కొంచెం పక్షపాతం ఉంది. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోయాయి.

ప్రశ్న: మాస్టారూ, మాది 32 అడుగుల తెరచాప పడవ. 30 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్, 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్ట్. రెండేళ్ళుగా పెద్దగా కదలకుండా కట్టేసి ఉంది. ఇప్పుడు ఒడ్డుకు తీయించి చూస్తే, షాఫ్ట్ చుట్టూ నీరు లోపలికి రాకుండా ఆపే గ్లాండ్ ప్యాకింగ్ కూర్చునే చోట షాఫ్ట్ చుట్టూ గాడి పడింది. వెనక రబ్బరు బేరింగ్ లోపల ఉండే భాగంలో సన్న సన్న గుంటలున్నాయి. లేత్ ఆయన వెల్డింగ్ నింపి, తిప్పి సైజుకు తెస్తానంటున్నాడు. ఇంకో మెకానిక్ పైపైన చెక్కించి సన్నం చేస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. కానీ మీరే ఒక నిర్ణయానికి రావాలి కదా, దానికి ముందు ఆ రెండు దెబ్బలనూ విడదీసి చూడండి. గాడి వేరు, గుంట వేరు.

గాడి అరుగుదల. ప్యాకింగ్ తాడు బిగుసుకుపోయి, ఎండిపోయి, అందులో ఇసుక చేరి ఏళ్ళ తరబడి రాస్తే పడుతుంది. గోరు పెట్టి లాగితే ఆగీ ఆగనట్టు ఉంటే షాఫ్ట్ బలానికి పెద్ద నష్టం లేదు. ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా నీరు ఆగదు, అంతే. గ్లాండ్‌ని పట్టి ఉంచే రబ్బరు హోస్‌ని ఎలాగూ మార్చాలి కాబట్టి, దాని పొడవు కాస్త మార్చి ప్యాకింగ్ కూర్చునే చోటుని నున్నగా ఉన్న భాగం మీదికి జరపవచ్చు. గాడి ఒక్కటే అయితే నేను మీకు ఇదే చెప్పి ఊరుకునేవాణ్ణి.

గుంటల సంగతి అలా కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా నిలిచేది దాని మీద ఉండే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర వల్ల. ఆ పొర గీసుకుపోయినా మళ్ళీ దానంతట అదే కట్టుకుంటుంది, కానీ అందుకు ఆక్సిజన్ కావాలి. పడవ తిరుగుతుంటే నీరు కదులుతుంది, ఆక్సిజన్ అందుతుంది. మీ పడవలా ఏళ్ళు కట్టేసి ఉంటే రబ్బరు బేరింగ్ లోపల, ప్యాకింగ్ కింద, షాఫ్ట్ పడవలోంచి బయటికెళ్ళే స్టెర్న్ ట్యూబ్ గొట్టం నడుమ ఉప్పునీరు అలాగే నిలబడిపోతుంది. ఆక్సిజన్ ఖర్చైపోతుంది, పొర పోతుంది, అక్కడ తినడం మొదలవుతుంది. పైకి సూది మొనంత రంధ్రం కనిపిస్తుంది, లోపల అంతకు చాలా రెట్లు గుల్ల అయి ఉంటుంది. గట్టి సూది తీసుకుని ఒక్కో గుంటనూ గుచ్చి చూడండి. సూది దిగుతూ పోతే, లేదా శుభ్రంగా తుడిచిన మర్నాటికి గుంట చుట్టూ ఎర్రటి చారలు కారి ఉంటే, ఆ షాఫ్ట్ పని అయిపోయింది.

ఇప్పుడు వెల్డింగ్. స్టెయిన్‌లెస్‌ని సుమారు 425 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంచితే క్రోమియం వెళ్ళి కార్బన్‌తో కలుస్తుంది, రేణువుల అంచుల్లో తుప్పును ఆపేది తగ్గిపోతుంది. వెల్డ్ పడిన చోటు కాదు, దాని పక్కన ఉండే పట్టీ ఆ వేడిని చూస్తుంది. 316ఎల్ లాంటి తక్కువ కార్బన్ రకాల్లో ఈ బెడద తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఏ రకమైనా ఒక పక్క నింపితే కడ్డీ వంగుతుంది. పైగా తిరిగే కడ్డీ మీద వెల్డ్ అంచు అంటే పగులుకు పిలుపే. లేత్ మీద నున్నగా మెరిసిపోతూ వస్తుంది, చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది. నాకు అదే భయం.

సన్నం చేయడం సంగతి లెక్కలోనే తేలుతుంది. మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి కడ్డీ వ్యాసానికి మూడో ఘాతంలో ఉంటుంది. 25 మిల్లీమీటర్లను 24 చేస్తే దాదాపు 11 శాతం పోతుంది. గుంటలన్నీ పోయేదాకా 22కి తెచ్చారనుకోండి, మూడో వంతు బలం పోయినట్టే. ఆ తర్వాత సన్నబడ్డ కడ్డీకి సరిపోయే రబ్బరు బేరింగ్ ఎక్కడ తెస్తారు? అది అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో ముందే నిర్ణయమైన సైజుల్లో వస్తుంది, మీరు చెక్కించుకున్న సైజులో రాదు.

కాబట్టి కొత్త షాఫ్ట్ వేయించండి. అయితే పాతది గుల్ల అవ్వడానికి కారణం కట్టేసి ఉంచడం కాబట్టి, కొత్తది వేసి మళ్ళీ రెండేళ్ళు కట్టేస్తే ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు. సముద్రంలోకి వెళ్ళకపోయినా అప్పుడప్పుడు తాళ్ళు గట్టిగా కట్టి, ఇంజన్ వేసి, గేర్‌లో కాసేపు తిప్పండి.

లేత్‌కి వెళ్ళేటప్పుడు పాత షాఫ్ట్ ఒక్కటే పట్టుకెళ్ళకండి. ప్రొపెల్లర్, షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే కప్లింగ్, అవి షాఫ్ట్ మీద విడిగా తిరగకుండా పట్టే రెండు కీ ముక్కలు, నట్లు అన్నీ మూటగట్టి తీసుకెళ్ళండి. ప్రొపెల్లర్ కూర్చునే కోసు భాగాన్నే మేం టేపర్ అంటాం. అది అన్ని పడవల్లో ఒకేలా ఉండదు. అమెరికా పద్ధతి, ఎస్ఏఈ జె755 ప్రకారం 1కి 16 వాలు, అంటే 16 మిల్లీమీటర్ల పొడవుకు వ్యాసం 1 మిల్లీమీటరు తగ్గుతుంది. ఐఎస్ఓ 4566 ప్రకారం 1కి 10 వాలు. కంటికి తేడా తెలియదు. పాత షాఫ్ట్ టేపర్ అరిగి ఉంటే దాన్ని కొలిచి కొత్తది కోయడం కన్నా ప్రొపెల్లర్ రంధ్రానికి సరిపోయేలా కోయడం నయం.

కప్లింగ్‌ని కొత్త షాఫ్ట్ మీద గట్టిగా ఎక్కించి, షాఫ్ట్‌తో సహా లేత్‌లో తిప్పుతూ దాని ముఖాన్ని ఒక పల్చటి కోత కోయమనండి. షాఫ్ట్‌కి ముఖం సరిగ్గా లంబంగా రావడానికి ఇంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు. కీ కూర్చునే గాడి, అదే కీవే, దాని మూలలు కత్తితో కోసినట్టు పదునుగా ఉండకూడదు, కొంచెం గుండ్రం ఇవ్వాలి. షాఫ్ట్‌లు విరిగేది తరచూ అక్కడే, టేపర్ పెద్ద కొస దగ్గర, కీవే మొదలయ్యే మూలలో.

పొడవు విషయంలో ఒక్క మాట. గేర్‌బాక్స్‌కీ షాఫ్ట్‌కీ మధ్య కొత్తగా రబ్బరు కప్లింగ్ పెడదామనుకుంటే దాని మందమంత షాఫ్ట్ పొట్టి కావాలి. అది మరిచిపోతే ప్రొపెల్లర్ వెనక్కి జరిగిపోతుంది. బేరింగ్ చివర నుంచి ప్రొపెల్లర్ బొడ్డు దాకా ఉండే ఖాళీ షాఫ్ట్ వ్యాసం కన్నా మించకూడదు, మీ లెక్కలో 25 మిల్లీమీటర్లు.

చివరగా, షాఫ్ట్ ఎటు నుంచి బయటికొస్తుందో ముందే చూసుకోండి. చాలా పడవల్లో చుక్కాని సరిగ్గా దాని వెనకే ఉంటుంది. చుక్కానిని కొంచెం పక్కకు తిప్పితే దారి ఇవ్వవచ్చు, లేదా దాన్ని దించాలి, లేదా ఇంజన్ జరిపి లోపలికి లాగాలి. పాతది ఎలాగూ పారేసేదే కాబట్టి రెండు ముక్కలుగా కోసి తీయవచ్చు. అయితే కొత్తది ముక్కలుగా లోపలికి వెళ్ళదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: సార్, రేవులోకి వస్తుంటే వెనక కట్టిన మా చిన్న పడవ, డింగీ, తాడే ప్రొపెల్లర్‌కి చుట్టుకుని ఇంజన్ టక్కున ఆగిపోయింది. నీళ్ళలోకి దిగి కోసేశాం. ఇంజన్ మళ్ళీ స్టార్ట్ అయింది గానీ గేర్ వేస్తే పడవంతా వణుకుతోంది. షాఫ్ట్ వంగిందంటారా? వంగినదాన్ని సరిచేయించవచ్చా?

జవాబు: వణుకు అనగానే అందరూ షాఫ్ట్ మీదికే వెళ్తారు. ముందు న్యూట్రల్‌లో పెట్టి, వణికిన ఆ స్పీడుకే ఇంజన్‌ని తీసుకెళ్ళండి. అప్పుడూ వణికితే మీ గొడవ ఇంజన్‌ని మోసే రబ్బరు కాళ్ళతో, అంటే మౌంట్లతో. గేర్‌లో ఉన్నప్పుడే వణికితే అప్పుడు షాఫ్ట్, ప్రొపెల్లర్ల వంతు.

తాడు చుట్టుకున్నప్పుడు జరిగేది ఒక్క దెబ్బ కాదు. తాడు చుట్లు ప్రొపెల్లర్‌కీ, దాని ముందు షాఫ్ట్‌ని పట్టి ఉంచే స్ట్రట్‌కీ మధ్య బిగుసుకుంటూ షాఫ్ట్‌ని వెనక్కి లాగుతాయి. ఆ లాగుడు షాఫ్ట్‌ని కప్లింగ్‌లో పట్టి ఉంచే సెట్ స్క్రూల మీద పడుతుంది, అవి నిలిస్తే గేర్‌బాక్స్ మీద, అదీ నిలిస్తే ఇంజన్ మౌంట్ల మీద. కాబట్టి చూడ్డం లోపలి నుంచి మొదలుపెట్టండి. మౌంట్ల రబ్బరు చిరిగిందా? ఇంజన్ కాళ్ళ కింద పెయింట్ మీద జరిగిన గీత ఉందా? కప్లింగ్ నుంచి షాఫ్ట్ కొంచెం బయటికొచ్చి, అక్కడ మెరిసే కొత్త పట్టీ కనిపిస్తోందా? గ్లాండ్ హోస్ మెలిపడిందా? ఆ తర్వాత ఒడ్డుకు తీసి, స్ట్రట్ పడవకి అతుక్కునే చోట వెంట్రుకంత పగులున్నా చూడాలి. స్ట్రట్ వంగితే షాఫ్ట్ ఎంత నిటారుగా ఉన్నా లాభం లేదు.

ఇక షాఫ్ట్. స్ట్రట్‌కి డయల్ గేజ్ (సన్నటి తేడాని ముల్లుతో చూపే పరికరం) బిగించి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి, చేత్తో నెమ్మదిగా తిప్పండి. గేజ్ ముల్లు ఊగిన మొత్తంలో సగం అసలు వంకర. బేరింగ్ దగ్గర ముల్లు 0.1 మిల్లీమీటరు దాటి ఊగితే నేను ఆ షాఫ్ట్‌ని అలాగే ఉంచనివ్వను. మరొకరు ఇంకొంచెం ఒప్పుకుంటారేమో.

గేజ్ లేకపోయినా అరుగుదల చూసి చాలా చెప్పవచ్చు. షాఫ్ట్ నిటారుగా ఉండి, బేరింగ్, ఇంజన్‌లతో ఒకే గీతలో ఉండాల్సిన వరస తప్పితే, తిరిగే షాఫ్ట్ ఎప్పుడూ బేరింగ్‌లో ఒకే చోట రాస్తుంది. బేరింగ్ ఒక పక్కే అరిగి ఉంటుంది, షాఫ్ట్ మాత్రం చుట్టూ ఒకేలా మెరుస్తుంది. షాఫ్ట్ వంగితే దీనికి తలకిందులు. షాఫ్ట్‌కి ఒక పక్కే అరుగుతుంది, బేరింగ్ చుట్టూ అరుగుతుంది. పాత బేరింగ్‌ని కోసి తీసినా సరే, ఇది చూడకుండా పారేయకండి. అయితే మీది ఇప్పుడే తగిలిన దెబ్బ, అరగడానికి ఇంకా టైమ్ దొరకలేదు. మీకు గేజే గతి.

సరిచేయించవచ్చా అంటే, చాలా పొడవున సన్నగా వంగితే చేయించవచ్చు. హైడ్రాలిక్ ప్రెస్ మీద, చల్లగానే, కొంచెం కొంచెంగా నొక్కుతూ, ప్రతిసారీ గేజ్‌తో చూస్తూ తెస్తారు. మంట పెట్టి వేడి చేస్తానంటే వద్దనండి. ఒకే చోట మోకాలిలా మడత పడితే, అదీ టేపర్ దగ్గరైతే, సరిచేయించడం మీద పెట్టే డబ్బు దండగ. సరిచేసి తెచ్చాక టేపర్, కీవేల మీద డై పెనెట్రెంట్ పరీక్ష చేయించండి. ఎర్రటి ద్రవం పూసి, తుడిచి, తెల్లటి పొడి చల్లుతారు. పగులుంటే తెలుపు మీద ఎర్ర గీత పైకి వస్తుంది. ప్రొపెల్లర్‌ని కూడా అదే ట్రిప్పులో పిచ్ (రెక్కల వాలు), బ్యాలెన్స్ చూపించుకు రండి. రెక్క కొస వంగినా ఇలాగే వణుకుతుంది.

ప్రశ్న: మాస్టారు గారూ, మా ఆయనా, మెకానిక్కూ కలిసి కప్లింగ్ ఊడదీయడానికి పొద్దున్నుంచీ పెద్ద సుత్తితో కొడుతున్నారు. గేర్‌బాక్స్‌కి ఏమైనా అవుతుందేమోనని నా టెన్షన్. అడిగితే ఇలాగే తీస్తారు అంటున్నారు.

జవాబు: అమ్మా, మీ భయమే న్యాయమైనది. ముందు సుత్తి లాక్కోండి. కప్లింగ్ ఇంకా గేర్‌బాక్స్‌కి బిగించి ఉండగా కొట్టే ప్రతి దెబ్బా గేర్‌బాక్స్ లోపలి బేరింగులకు, సీలుకు తగులుతుంది. విడదీసి కొట్టినా కప్లింగ్ ముఖం సొట్ట పడుతుంది, ఆ తర్వాత వరస ఎప్పటికీ సరిగా కుదరదు.

సెట్ స్క్రూలు నిజంగా తీశారా లేదా మీరే చూడండి. వాటికి తీగ చుట్టి, పైన రంగేసి ఉంటే కనపడవు. ఒక స్క్రూ కింద ఇంకో స్క్రూ దాగి ఉండడమూ మామూలే. తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు కప్లింగ్ బోల్టుల వరసకి సరిపోయేలా రంధ్రాలు కొట్టిన మందమైన ఇనుప పలక ఒకటి, షాఫ్ట్ కన్నా సన్నగా ఉండే సాకెట్ ఒకటి తీసుకోమనండి. సాకెట్‌ని షాఫ్ట్ కొసకు ఆనించి, దాని మీద పలక పెట్టి, పొడవైన గట్టి బోల్టులు కప్లింగ్ రంధ్రాల్లోంచి వేసి, ఒక్కోదాన్ని పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించాలి. సాకెట్ షాఫ్ట్‌ని వెనక్కి నెడుతుంది, బోల్టులు కప్లింగ్‌ని ముందుకు లాగుతాయి. పలకకు బదులు గేర్‌బాక్స్ ఫ్లాంజ్‌నే వాడేవాళ్ళున్నారు. పని అవుతుంది కానీ ఆ ఒత్తిడంతా గేర్‌బాక్స్ మోస్తుంది, నాకు నచ్చదు.

అప్పటికీ రాకపోతే, షాఫ్ట్ కొత్తది వేసేదే అయితే, గ్లాండ్‌కీ కప్లింగ్‌కీ మధ్య కోసేయడమే. పాత కప్లింగ్‌ని ఒడ్డు మీద ప్రెస్ కింద పెట్టి తీసుకోవచ్చు. ఈసారి స్ప్లిట్ కప్లింగ్ కొనండి. రెండు బోల్టులు వదులు చేస్తే విచ్చుకుంటుంది.

ప్రశ్న: కొత్త షాఫ్ట్‌కి ఏ లోహం మంచిది? ఒకరు 316 స్టెయిన్‌లెస్ అంటారు, ఒకరు ఆక్వామెట్ అనే షాఫ్ట్ స్టీలు అంటారు. అయస్కాంతం అంటుకుంటే నకిలీ అని ఇంకొకరు అంటున్నారు.

జవాబు: ఆక్వామెట్ 22 దొరికితే, డబ్బు ఉంటే, అదే. గుంటలు పడడాన్ని 316 కన్నా బాగా తట్టుకుంటుంది, బలమూ చాలా ఎక్కువ. డ్యూప్లెక్స్ 2205 కూడా మంచి కడ్డీ. తరచూ తిరిగే పడవకు 316 బతుకు వెళ్ళదీస్తుంది, కట్టేసి ఉంచే పడవకు మాత్రం వద్దు. 304 ఉప్పునీటికి నేను చెప్పను.

అయస్కాంతం పరీక్ష సగం నిజం. 316 అంటుకోదు, సాగదీసిన 304 కొంచెం అంటుకోవచ్చు. ఆక్వామెట్ 17 మాత్రం గట్టిగా అంటుకుంటుంది, అది నకిలీ కాదు, దాని గుణమే అంత. చాలా బలమైనది, కానీ కదలని ఉప్పునీటిలో తన అన్నదమ్ములంత నిలవదు.

పాత చెక్క పడవల్లో ఇత్తడి రంగు షాఫ్ట్ ఉంటే గీకి చూడండి. లోపల పసుపుగా ఉంటే సరే. గులాబీ రంగుగా, పొడిపొడిగా ఉంటే జింక్ అంతా కరిగిపోయి రాగి గుల్ల మిగిలిందన్నమాట.

బలమైన లోహం కదా అని సన్నటి షాఫ్ట్ వేయకండి. 30 హార్స్‌పవర్ ఇంజన్ షాఫ్ట్‌ని నిమిషానికి 1800 చుట్లు తిప్పితే దాని మీద పడే మెలి సుమారు 119 న్యూటన్ మీటర్లు. మామూలుగా నడిచేటప్పుడు ఇది పెద్ద బరువేం కాదు. పై ఉత్తరంలోలా తాడు పట్టి ఆపినప్పుడు పడే మెలికి ఇది లెక్కలోకే రాదు. మందం ఉంచుకునేది అందుకు.

ప్రశ్న: గ్లాండ్ నుంచి ఎన్ని చుక్కలు కారాలి?

జవాబు: ఇంజన్ నడిచేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు, ఆపితే దాదాపు ఏమీ కారకూడదు. చుక్కల కన్నా చెయ్యి నమ్మకం. కాసేపు నడిపి, ఇంజన్ ఆపాక గ్లాండ్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వదులు చేయండి. మరీ బిగిస్తే మొదటి ఉత్తరంలోని గాడి మీ షాఫ్ట్‌కీ పడుతుంది. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ షాఫ్ట్‌కి గ్రాఫైట్ కలిపిన ప్యాకింగ్ వేయకండి, ఆ రెంటికీ పడదు, తినిపోయేది షాఫ్టే.

ప్రశ్న: కొత్త షాఫ్ట్, కొత్త బేరింగ్, ప్రొపెల్లర్ బ్యాలెన్స్, అన్నీ చేయించాను. ఒడ్డు మీద ఉండగానే మెకానిక్ ఇంజన్‌ని వరస పెట్టి, బోల్టులు బిగించి ఇచ్చాడు. నీళ్ళలోకి దించాక మునుపటికన్నా ఎక్కువ అదురుతోంది. డబ్బంతా వృథా అయినట్టేనా?

జవాబు: వృథా కాలేదు. ఒడ్డు మీద పెట్టిన వరస తాత్కాలికం అని ఎవరూ మీకు చెప్పలేదు, అంతే. ఒడ్డు మీద పడవ బరువు కింద దుంగల మీద నిలుస్తుంది, నీళ్ళలో చుట్టూ సమంగా మోయబడుతుంది. తెరచాప స్తంభం నిలిపి, దాన్ని పట్టే తీగలు బిగించాక పడవ ఒళ్ళు ఇంకాస్త మారుతుంది. ఆ మార్పు కంటికి కనపడదు గానీ కప్లింగ్ దగ్గర ఫీలర్ గేజ్‌కి, అంటే సందులో దూర్చి కొలిచే పల్చటి రేకులకి, దొరుకుతుంది. దించాక ఒకటి రెండు రోజులు ఆగి, తీగల బిగువు, ట్యాంకుల్లో నీరు, డీజిలు మామూలుగా ఉన్నప్పుడు మళ్ళీ చూడాలి.

కప్లింగ్ బోల్టులు తీసేసి షాఫ్ట్‌ని కొంచెం వెనక్కి నెట్టండి. బోల్టులు తీసీ తీయగానే షాఫ్ట్ కిందికి వాలుతుంది. 25 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీ మీటరుకు దాదాపు 3.9 కిలోలు, దానికి కప్లింగ్ బరువు అదనం. ఆ వాలుని నిజమైన ఎత్తు అనుకుని ఇంజన్‌ని దించేస్తారు కొందరు. కాబట్టి గ్లాండ్ ముందు ఆధారం లేకుండా వేలాడే కడ్డీ బరువులో సగం, కప్లింగ్ బరువు మొత్తం కలిపి, స్ప్రింగ్ త్రాసుతో అంత బరువు పైకి ఎత్తి పట్టి చూడాలి. షాఫ్ట్ స్టెర్న్ ట్యూబ్‌కి ఏ పక్కా తగలకుండా నడుమన ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

తర్వాత రెండు ముఖాలనూ దగ్గరికి తెస్తే, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలోకి బలవంతం లేకుండా జారాలి. అలా జారకపోతే ఇంజన్‌ని మొత్తంగా పైకో కిందికో పక్కకో జరపాలి. జారాక, ఫీలర్ గేజ్‌తో పైన, కింద, కుడి, ఎడమ సందు కొలవండి. కప్లింగ్ వ్యాసం అంగుళానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, అంతకన్నా తేడా ఉండకూడదు. 100 మిల్లీమీటర్ల కప్లింగ్‌కి 0.1 మిల్లీమీటరు అన్నమాట.

ఇక్కడ ఒక పరీక్ష ఉంది, చాలామంది వదిలేస్తారు. గేర్‌బాక్స్ వైపుని కదలనీయకుండా షాఫ్ట్ వైపు కప్లింగ్‌ని అర చుట్టు తిప్పి మళ్ళీ కొలవండి. పెద్ద సందు ఉన్నచోటే ఉండిపోతే ఇంజన్ వరస తప్పింది, మౌంట్లు సవరించాలి. సందు షాఫ్ట్‌తో పాటు తిరిగి అవతలి పక్కకు వెళ్తే, షాఫ్ట్ వంకరగా ఉంది లేదా కప్లింగ్ ముఖం లంబంగా లేదు. అప్పుడు మౌంట్లని రోజంతా తిప్పినా కుదరదు, మళ్ళీ లేత్ దగ్గరికే. మీ విషయంలో మొదటిదే అయి ఉంటుందని నా అంచనా, అయినా కొలిచాకే నమ్మండి.

రబ్బరు కప్లింగ్ పెడితే ఇదంతా అక్కర్లేదని ఎవరైనా అంటే వినకండి. అది వణుకుని కొంత మింగుతుంది, తప్పిన వరసని సరిచేయదు. పైగా అది షాఫ్ట్‌ని ఇంజన్ నుంచి విద్యుత్తు పరంగా వేరు చేస్తుంది, కాబట్టి షాఫ్ట్‌కి దాని సొంత యానోడ్, అంటే షాఫ్ట్‌కి బదులు తాను తినిపోయే లోహపు ముక్క, తప్పకుండా ఉండాలి. ఉప్పునీటికి జింక్, ఉప్పూ మంచీ కలిసే చోట అల్యూమినియం, మంచినీటికి మెగ్నీషియం. దాన్ని రబ్బరు బేరింగ్‌కి ఆనించి బిగించకండి, బేరింగ్‌లోకి వెళ్ళే నీటికి దారి వదలాలి. నీరే దానికి ఆయిల్.

ప్రశ్న: కొత్త ప్రొపెల్లర్‌ని టేపర్ మీద బిగించాక అది సరిగ్గా కూర్చుందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు కీ లేకుండా చేత్తో గట్టిగా తోసి, బొడ్డు ఆగిన చోట షాఫ్ట్ మీద పెన్సిల్ గీత గీయండి. తీసి, కీ పెట్టి, మళ్ళీ తోయండి. అదే గీత దాకా రావాలి. రాకపోతే ప్రొపెల్లర్ టేపర్ మీద కాదు, కీ నెత్తి మీద కూర్చుంది. కీ పైభాగాన్ని కాస్త ఆకురాయితో రుద్దండి. నట్లలో పల్చటిది ముందు, మందంది తర్వాత, ఆపైన కొత్త స్ప్లిట్ పిన్. పాత పిన్‌ని నిటారు చేసి మళ్ళీ వాడేవాళ్ళకి నా జవాబులు అనవసరం.

ప్రశ్న: రివర్స్ వేయగానే పెద్ద చప్పుడు, ఆ తర్వాత ఇంజన్ తిరుగుతోంది గానీ పడవ కదల్లేదు, చుక్కాని తిరగలేదు. షాఫ్ట్ కప్లింగ్ నుంచి జారి వెనక్కి వెళ్ళిందని తర్వాత తెలిసింది. అదృష్టం కొద్దీ చుక్కానికి తగిలి ఆగింది. రివర్స్‌లోనే ఎందుకు జరిగింది? ఇంకోసారి ఇలా కాకుండా ఏం చేయాలి?

జవాబు: ముందుకు వెళ్ళేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని గేర్‌బాక్స్‌లోకి నెడుతుంది. సెట్ స్క్రూలు వదులైపోయినా, అసలు లేకపోయినా బండి నడుస్తుంది. రివర్స్ వేస్తే అదే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని పడవలోంచి బయటికి లాగుతుంది. అందుకే ఆ లోపం నెలల తరబడి దాక్కుని, రేవులో గోడ ముందుకొచ్చాక, బ్రేక్ వేయాల్సిన క్షణంలోనే బయటపడుతుంది.

చుక్కాని ఆపకపోతే ఏమయ్యేదో తెలిస్తే మీరు కంగారుపడతారు గానీ చెప్పడం మంచిది. నీటి మట్టానికి అర మీటరు కింద 25 మిల్లీమీటర్ల రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు 55 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. గ్లాండ్ పక్కనే కోసుగా చెక్కిన చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. షాఫ్ట్ పూర్తిగా పోతే గ్లాండ్ రంధ్రంలో దాన్ని దిగ్గొట్టాలి. మీకు జరిగినట్టు సగం జారి ఆగితే, గుడ్డ చుట్టి పైప్ రెంచ్‌తో పట్టి లోపలికి లాగి, వెనక్కి పోకుండా తాడుతో ఇంజన్ కాళ్ళకి కట్టేసి, తెరచాప మీద ఇంటికి రావాలి. తెరచాప పడవ కదా, ఆ సౌకర్యం మోటర్ పడవ వాళ్ళకి లేదు.

ఇప్పుడు సెట్ స్క్రూల సంగతి. షాఫ్ట్‌లో వాటి మొన దిగేందుకు చిన్న గుంట కొట్టించి, స్క్రూలు బిగించి, వాటి తలల్లోంచి తీగ వేసి మెలిపెట్టాలి. స్క్రూ వదులవ్వబోతే తీగ దాన్ని బిగించే వైపు లాగేలా చుట్టాలి. చుక్కాని, స్ట్రట్ దెబ్బ తిన్నాయేమో చూడకుండా మళ్ళీ బయల్దేరకండి.

దానికి తోడు, గ్లాండ్‌కి ముందు, పడవ లోపలి వైపు, షాఫ్ట్ మీద ఒక గట్టి కాలర్ బిగించండి. షాఫ్ట్‌కి సరిపోయే జింక్ కాలర్ అయినా చాలు. కప్లింగ్ వదిలేసినా షాఫ్ట్ జారి జారి ఆ కాలర్ గ్లాండ్‌కి తగిలి ఆగుతుంది. దానికీ గ్లాండ్‌కీ మధ్య వేలు పట్టేంత సందు ఉంచండి, లేకపోతే తిరిగేటప్పుడు గ్లాండ్ నట్‌ని గీకుతూ ఉంటుంది.